మెదడు చిత్రాల విశ్లేషణలో పీహెచ్‌డీ ఎలా చేయాలి: వరంగల్‌ పరిశోధక విద్యార్థుల కోసం ఒక సమగ్ర మార్గదర్శి

వరంగల్‌లో ఎన్‌ఐటీ, కాకతీయ విశ్వవిద్యాలయం, కాకతీయ వైద్య కళాశాల మూడూ ఆటోలో వెళ్లివచ్చేంత దూరంలోనే ఉన్నాయి. అయినా మెదడు ఎంఆర్‌ఐ మీద పనిచేయాలనుకునే ఇంజనీరింగ్‌ విద్యార్థికి రేడియాలజీ భాష రాదు, రేడియాలజీ తెలిసిన వైద్యునికి కోడ్‌ రాసే తీరిక ఉండదు. ఈ రెండింటి నడుమ మొదటి రెండేళ్లు పోగొట్టుకున్నవారిని నేను దగ్గరగా చూశాను. నా మొదటి పద్నాలుగు నెలలు కూడా అలాగే పోయాయి. ఇప్పుడు థీసిస్‌ చివరి అధ్యాయాలు రాస్తూ వెనక్కి చూసుకుంటే నాకు ఒక్క విషయం స్పష్టంగా కనిపిస్తోంది. మనం ఎవరి స్కాన్‌లు తీసుకున్నాం, వాటిని కంటితో చూశామా లేదా, కంప్యూటర్‌ శిక్షణకు ఎవరినీ దాని పరీక్షకు ఎవరినీ కేటాయించాం అన్న నిర్ణయాల్లోనే, అల్గారిథమ్‌ ఇంకా మొదలుకాకముందే, ఫలితం నిలబడుతుందో లేదో తేలిపోతుంది. అందుకే ఈ మార్గదర్శిలో లోతైన నాడీజాలాల (డీప్‌ న్యూరల్‌ నెట్‌వర్క్‌ల) గురించి తక్కువగా, వాటికి ముందు చేయవలసిన పని గురించి ఎక్కువగా చెబుతున్నాను.

మొదటి మెట్టు: ప్రశ్నను చిన్నది చేసుకోవడం

"కృత్రిమ మేధతో మెదడు వ్యాధులను గుర్తించడం" అని రాసుకుని వచ్చే విద్యార్థులు ప్రతి ఏటా కనిపిస్తారు. అది ఒక రంగం పేరు మాత్రమే, దానిలో ప్రశ్న లేదు. ప్రశ్న అంటే అందులో మనుషులు ఎవరో, కొలిచేది ఏమిటో, దేనితో పోల్చేదో మూడూ ఉండాలి. ఉదాహరణకు, "అరవై ఏళ్లు దాటి, తేలికపాటి మతిమరుపు ఉన్నవారిలో హిప్పోకాంపస్‌ (జ్ఞాపకాలకు కీలకమైన మెదడు భాగం) పరిమాణం తగ్గే తీరు చదువుకున్నవారిలోనూ అక్షరం రానివారిలోనూ ఒకేలా ఉంటుందా?" అనేది ప్రశ్న. ఇది మన ప్రాంతానికి సరిపోయే ప్రశ్న కూడా, ఎందుకంటే అల్జీమర్స్‌ పరిశోధనలో అందరూ వాడే ఏడీఎన్‌ఐ వంటి అమెరికా డేటాలో ఎక్కువమంది కళాశాల దాకా చదివినవారే ఉంటారు. నర్సంపేట, పరకాల, ములుగు వైపు నుంచి వచ్చే పెద్దవారిలో బడి ముఖం చూడనివారు ఎందరో ఉంటారు.

మన నేల మీద పుట్టిన ప్రశ్న ప్రపంచానికి ఎలా పనికొస్తుందో చూడాలంటే హైదరాబాదు నిమ్స్‌లో సువర్ణ అల్లాడి, ఆమె సహచరులు 2013లో ప్రచురించిన అధ్యయనాన్ని చదవండి. 648 మంది డిమెన్షియా (మతిమరుపు జబ్బు) రోగుల వివరాలను పరిశీలించి, రెండు భాషలు మాట్లాడేవారిలో జబ్బు లక్షణాలు ఒకే భాష మాట్లాడేవారికంటే సుమారు నాలుగున్నర ఏళ్లు ఆలస్యంగా మొదలయ్యాయని వారు చూపించారు. తెలుగు, ఉర్దూ, హిందీ కలిసి వినిపించే ఊరిలో ఉన్నవారికి సహజంగా తోచే ప్రశ్న అది. చదువు ప్రభావాన్ని, భాషల ప్రభావాన్ని విడివిడిగా చూడగలిగే మనుషులు ఇక్కడ ఉండబట్టే దానికి జవాబు వెతకడం వీలైంది.

ప్రశ్న సరిగ్గా కుదిరిందో లేదో తెలుసుకోవడానికి నేను పాటించే పద్ధతి ఒకటుంది. థీసిస్‌లో చివరికి వచ్చే ముఖ్యమైన పట్టికను మొదటి నెలలోనే ఖాళీగా గీయండి. అడ్డ వరుసల్లో ఎవరు, నిలువు వరుసల్లో ఏ కొలతలు అని రాయగలిగితే మీకు ప్రశ్న ఉన్నట్టే. రాయలేకపోతే మీ గైడ్‌తో ఇంకో వారం కూర్చోండి. ఆ వారం ఎప్పటికీ వృథా కాదు.

రెండో మెట్టు: చిత్రంలో ఉన్నదేమిటో తెలుసుకోవడం

ఎంఆర్‌ఐలో ఒక రకమైన టీ1 స్కాన్‌ మెదడు కట్టడాన్ని చూపిస్తుంది. అందులో తెల్ల పదార్థం తెల్లగా, బూడిద పదార్థం బూడిదగా, మెదడు చుట్టూ ఉండే ద్రవం నల్లగా కనిపిస్తాయి. సాధారణంగా ఒక టీ1 స్కాన్‌లో 256 అడ్డం, 256 నిలువు, 176 పొరలు ఉంటే మొత్తం కోటి పదిహేను లక్షలకు పైగా వోక్సెల్‌లు, అంటే మిల్లీమీటరు ప్రమాణంలో ఉండే చిన్న ఘనాలు, ఉంటాయి. ఒక్కో ఘనంలో ఒక సంఖ్య ఉంటుంది. ఇంజనీరింగ్‌ నుంచి వచ్చినవారు ముందుగా గుర్తుంచుకోవలసింది, ఆ సంఖ్యకు సొంత ప్రమాణం లేదు. సీటీ స్కాన్‌లో హౌన్స్‌ఫీల్డ్‌ కొలమానం ఉంది కాబట్టి నీరు ఎక్కడ తీసినా సున్నా దగ్గరే ఉంటుంది. ఎంఆర్‌ఐలో ఆ వెసులుబాటు లేదు. ఒకే మనిషిని ఉదయం ఒక యంత్రంలో, సాయంత్రం ఇంకో యంత్రంలో స్కాన్‌ చేస్తే అదే బూడిద పదార్థానికి రెండు వేర్వేరు సంఖ్యలు రావచ్చు. ఈ ఒక్క సంగతి మరిచిపోవడం వల్ల తప్పిన పరిశోధనలు ఎన్నో ఉన్నాయి.

పనిచేస్తున్న మెదడును చూపించే ఎఫ్‌ఎమ్‌ఆర్‌ఐ వేరే కథ. సీజీ ఒగావా 1990లో చూపించినట్టు, ఆక్సిజన్‌ ఉన్న రక్తమూ లేని రక్తమూ అయస్కాంత క్షేత్రంలో వేర్వేరుగా ప్రవర్తిస్తాయి. ఆ తేడాయే మనకు సంకేతంగా అందుతుంది. అది నాడీకణాల పని కాదు, ఆ పని వెంట వచ్చే రక్త ప్రవాహపు నీడ. మనిషి వేలు కదిలించిన అయిదారు సెకన్లకు గానీ ఆ సంకేతం శిఖరాన్ని చేరదు. మెదడులోని తంతువుల దారులను చూపించే డిఫ్యూజన్‌ స్కాన్‌ మీద పనిచేసేవారు దాని భౌతిక శాస్త్రాన్ని విడిగా, నిదానంగా చదువుకోవాలి. ఇక్కడ నేను టీ1నే ప్రధానంగా తీసుకుంటున్నాను, మొదటి థీసిస్‌కు అదే భద్రమైన దారి అని నా నమ్మకం.

మూడో మెట్టు: డేటా

మొదట ఎవరైనా వాడుకోగల డేటాతో మొదలుపెట్టండి. స్థానికంగా స్కాన్‌లు సేకరించాలన్న ఉత్సాహం మంచిదే గానీ, దానికి అనుమతులు వచ్చేసరికి ఏడాది దాటవచ్చు. ఈలోగా మీ చేతులు పని నేర్చుకోవాలి. ఓయాసిస్‌-1 అనే డేటాలో 18 నుంచి 96 ఏళ్ల వయసున్న 416 మంది టీ1 స్కాన్‌లు ఉన్నాయి. వారిలో 60 దాటిన 100 మందికి అతి తేలికపాటి నుంచి మధ్యస్థం దాకా అల్జీమర్స్‌ ఉంది. ఇందులో నాకు బాగా నచ్చిన అంశం ఇంకొకటుంది. డిమెన్షియా లేని 20 మందిని 90 రోజుల్లోపు రెండోసారి స్కాన్‌ చేశారు. అంత తక్కువ కాలంలో ఆరోగ్యంగా ఉన్న మెదడు పెద్దగా మారదు కాబట్టి, మీ పద్ధతి ఆ రెండు స్కాన్‌లలో హిప్పోకాంపస్‌ను ఎంత తేడాతో కొలిచిందో అదే మీ పద్ధతి తప్పిదం. ఆ తప్పిదం కంటే చిన్న తేడాను జబ్బు ప్రభావంగా చెప్పే హక్కు మనకు ఉండదు. ఆటిజం మీద పనిచేసేవారికి 17 కేంద్రాల నుంచి 1112 మందితో కూర్చిన అబైడ్‌ ఉంది, కణితుల మీద పనిచేసేవారికి 2012 నుంచి నడుస్తున్న బ్రాట్స్‌ పోటీల డేటా ఉంది.

స్థానికంగా సేకరించదలచుకుంటే సంస్థలోని ఎథిక్స్‌ కమిటీ అనుమతి లేకుండా ఒక్క స్కాన్‌ కూడా ముట్టుకోకూడదు. ఆసుపత్రి కంప్యూటర్‌లో అప్పటికే ఉన్న పాత స్కాన్‌లకూ ఇది వర్తిస్తుంది. ఐసీఎంఆర్‌ (భారత వైద్య పరిశోధన మండలి) 2017లో వెలువరించిన జాతీయ నైతిక మార్గదర్శకాలను మొత్తం చదవండి, ముఖ్యంగా చదవడం రాని పాల్గొనేవారి సమ్మతి గురించిన భాగాన్ని. వేలిముద్ర తీసుకునేటప్పుడు పరిశోధనతో సంబంధం లేని సాక్షి ఒకరు ఉండాలి. సమ్మతి పత్రాన్ని ఇంగ్లిషులో రాసి తెలుగులోకి మార్చవద్దు. ముందు తెలుగులోనే, మీ అమ్మమ్మకు చెప్పినట్టు రాయండి, తర్వాత కమిటీ కోసం ఇంగ్లిషు ప్రతి తయారుచేయండి. నేను మొదట రాసిన పత్రంలో "అయస్కాంత అనునాద చిత్రణ" అని ఉండేది. దాన్ని విని తల ఊపినవారిలో ఒక్కరికీ అది అర్థం కాలేదని తర్వాత తెలిసింది. ఇప్పుడు నా పత్రంలో "పెద్ద గుండ్రటి మిషన్‌లో అరగంట కదలకుండా పడుకోవాలి, గట్టిగా టకటకమని చప్పుడు వస్తుంది, సూది ఉండదు, నచ్చకపోతే ఎప్పుడైనా బయటికి రావచ్చు" అని ఉంది.

సమ్మతిలో అన్నిటికంటే కష్టమైన భాగాన్ని నాకు నేర్పింది నర్సంపేట దగ్గరి ఊరి నుంచి వచ్చిన ఒక పెద్దాయన. అంతా శ్రద్ధగా విన్న తర్వాత ఆయన, "గీ మిషన్ల పండుకుంటె నా యాదిమరుపు తగ్గుతదా బిడ్డా?" అని అడిగారు. పత్రంలో ఇది వైద్యం కాదని రాసే ఉంది, నేను చదివి వినిపించే ఉన్నాను. అయినా ఆసుపత్రికి రావడమంటేనే నయం కావడానికని నమ్మే మనిషికి ఆ వాక్యం చెవికెక్కలేదు. "లేదు తాతా, ఇది ఫొటో తీసినట్టే. మీకు తగ్గదు. ముందు ముందు ఇంకొకరికి పనికి రావచ్చు, రాకపోనూ వచ్చు" అని చెప్పాను. ఆయన కొడుకుతో మాట్లాడుకుని, మరుసటి వారం వచ్చి ఒప్పుకున్నారు. ఆనాటి నుంచి నేను పత్రం చదివాక "దీనివల్ల మీకు ఏం లాభమనుకుంటున్నారు?" అని తిరిగి అడుగుతున్నాను. జవాబులో "తగ్గుతది" అన్న మాట వస్తే మళ్లీ మొదటి నుంచి చెబుతాను.

మరికొన్ని సంగతులు పుస్తకాల్లో ఉండవు. వానాకాలం విత్తనాలు వేసే రోజుల్లోనూ పత్తి ఏరే రోజుల్లోనూ రైతు కుటుంబాల నుంచి ఎవరూ రారు. ఆ నెలల్లో వచ్చేవారు పట్టణంలో ఉండేవారో, పనికి పోలేనంత నలతగా ఉన్నవారో అయి ఉంటారు. మీరు స్కాన్‌ చేసినవారిలో ఎవరు ఎప్పుడు వచ్చారో రాసుకోకపోతే ఈ పక్షపాతం మీకు కనిపించదు. స్కాన్‌ గదిలోకి లోహం వెళ్లకూడదు కాబట్టి మెట్టెలు, పట్టీలు, తలలో పిన్నులు, మొలతాడుకున్న తాయత్తు అన్నీ తీయాలి. పుస్తెలతాడు తీయడానికి పెద్ద వయసు ఆడవారు గుమ్మం దగ్గర ఆగిపోతారు. ఈ మాట ఇంటి దగ్గరే చెప్పి, పసుపు కొమ్ము కట్టిన దారం వేసుకుని రమ్మంటే చాలామంది ఇబ్బంది లేకుండా వస్తారు. పేస్‌మేకర్‌, లోపల వేసిన క్లిప్పుల విషయంలో మాత్రం నిర్ణయం టెక్నీషియన్‌ది, రేడియాలజిస్టుది. ఆ విషయంలో విద్యార్థి మాట్లాడకూడదు. అలాగే ఆరోగ్యంగా ఉన్నారనుకున్న వ్యక్తి స్కాన్‌లో కణితి వంటిది కనబడితే ఎవరు చూడాలి, ఎవరు చెప్పాలి, ఎన్ని రోజుల్లో చెప్పాలి అన్నది మొదటి స్కాన్‌ తీయకముందే కాగితం మీద ఉండాలి.

పేరు, ఆధార్‌, ఫోన్‌ నంబరు తీసేస్తే వివరాలు దాచినట్టేనని అనుకోవద్దు. టీ1 స్కాన్‌ నుంచి మనిషి ముఖాన్ని తిరిగి గీయవచ్చు. అమెరికాలోని మేయో క్లినిక్‌ పరిశోధకులు 2019లో ఎంఆర్‌ఐ స్కాన్‌ల నుంచి గీసిన ముఖాలను ముఖ గుర్తింపు సాఫ్ట్‌వేర్‌కు ఇస్తే, 84 మందిలో 70 మందిని అది సరిగ్గా పోల్చుకుంది. అందుకే డేటా ఎవరికి ఇచ్చినా ముందు ముఖ భాగాన్ని చెరిపే సాఫ్ట్‌వేర్‌తో చెరిపి, చెరిగిందో లేదో ఒక్కొక్కటిగా చూసి ఇవ్వాలి.

నాలుగో మెట్టు: ఫైళ్లు, ఫోల్డర్లు, కుడిఎడమలు

ఆసుపత్రి నుంచి స్కాన్‌లు డైకామ్‌ రూపంలో వస్తాయి. ఒక్కొక్కరికీ వందల చిన్న ఫైళ్లు ఉంటాయి. వాటిని డీసీఎం2నిక్స్‌ అనే ఉచిత సాధనంతో నిఫ్టీ రూపంలోకి మార్చి, 2016 నుంచి ప్రపంచమంతా అంగీకరించిన బిడ్స్‌ పద్ధతిలో ఫోల్డర్లు పెట్టుకోండి. పేర్లలో ఖాళీలు వదలవద్దు, తెలుగు అక్షరాలు వాడవద్దు, "ఫైనల్‌", "ఫైనల్‌2" అని పెట్టవద్దు. అసలు డైకామ్‌ ప్రతిని రెండు వేర్వేరు చోట్ల దాచి, దాన్ని మార్చడానికి వీల్లేకుండా తాళం వేయండి.

ఇక కుడిఎడమల సంగతి. నా డేటాలో కొందరికి ఎడమ హిప్పోకాంపస్‌ కుడిదానికంటే స్పష్టంగా పెద్దదిగా వచ్చింది. ఒక అధ్యాయం రాసేంత ఆసక్తికరమైన ఫలితమది, నేను రాయడం కూడా మొదలుపెట్టాను. ఆ కొందరూ ఒకే నెలలో స్కాన్‌ అయినవారని గమనించాక గానీ అనుమానం రాలేదు. ఆ నెలలో స్కాన్‌లు వేరే మార్గంలో, పాత రూపంలోని ఫైళ్లుగా నా చేతికి వచ్చాయి, ఆ మార్పిడిలో బొమ్మ అద్దంలో చూసినట్టు తిరగబడింది. మెదడు రెండు వైపులా ఒకేలా ఉంటుంది కాబట్టి చూసి కనిపెట్టడం దాదాపు అసాధ్యం. దానికి చవకైన మందు ఉంది. స్కాన్‌కు ముందు కుడి కణత దగ్గర ఒక విటమిన్‌ ఈ మాత్రను టేపుతో అంటించండి. లోపలి నూనె వల్ల అది టీ1 స్కాన్‌లో తెల్లగా, ముత్యంలా మెరుస్తుంది. నా స్థానిక స్కాన్‌లన్నిటిలోనూ ఇప్పుడు ఆ ముత్యం ఉంది. కొత్త ఫైల్‌ తెరిచిన ప్రతిసారీ ముందు దాన్నే వెతుకుతాను.

అయిదో మెట్టు: ప్రతి స్కాన్‌నూ కంటితో చూడడం

దీన్ని దాటవేసేవారే ఎక్కువ, నేను మాత్రం ఎక్కువ సమయం ఇక్కడే పెట్టమంటాను. రోజుకు ఇరవై స్కాన్‌లు, ఒక్కొక్కటీ మూడు వైపుల నుంచి, పై నుంచి కిందికి నెమ్మదిగా తిప్పుతూ చూడండి. నాలుగువందల స్కాన్‌లైనా ఇరవై రోజుల్లో అయిపోతాయి. తల కదిలితే మెదడు అంచుల వెంట నీటిలో రాయి వేసినప్పటి అలల్లా వలయాలు కనిపిస్తాయి. తల కొంత భాగం చట్రం బయటికి పోతే ముక్కు కొన వెళ్లి తల వెనుక అతుక్కుని కనిపిస్తుంది. పళ్లకు లోహపు కట్టు ఉంటే నోటి పైభాగమంతా నల్లటి గుంతలా మారి, కణతల కింది మెదడు భాగం కూడా వంగిపోతుంది. ప్రతి స్కాన్‌కూ బాగుంది, అనుమానం, పనికిరాదు అని మూడింటిలో ఒకటి రాసి, కారణం ఒక వాక్యంలో రాయండి. ఇది చేసేటప్పుడు ఎవరు రోగి, ఎవరు ఆరోగ్యవంతులు అన్న వివరం మీ ఎదుట ఉండకూడదు. రెండు నెలల తర్వాత అందులో ముప్పయ్యింటిని మళ్లీ చూసి, మీ మాట మీతోనే కలుస్తుందో లేదో సరిచూసుకోండి.

కదలిక సాంకేతిక చికాకుగా మాత్రమే మిగలదు. వయసు మీరినవారు, పిల్లలు, జబ్బుతో ఉన్నవారు ఎక్కువ కదులుతారు. టీ1లో కదలిక వల్ల బూడిద పదార్థం నిజంగా ఉన్నదానికంటే పలచగా కొలతకు వస్తుంది. అంటే జబ్బువల్ల తగ్గిందని మనం రాసేది నిజానికి తల కదిలినందువల్ల తగ్గినది కావచ్చు. ఎఫ్‌ఎమ్‌ఆర్‌ఐలోనైతే ఒక చిత్రానికీ తర్వాతి చిత్రానికీ మధ్య తల ఎంత కదిలిందో మిల్లీమీటర్లలో లెక్కగట్టి, 0.5 లేదా ఇంకా కఠినంగా 0.2 దాటిన క్షణాలను పక్కన పెట్టడం 2012 తర్వాత వాడుకలోకి వచ్చింది. మీరు ఏ హద్దు పెట్టుకున్నా ఫలితాలు చూడకముందే పెట్టుకోండి.

ఆరో మెట్టు: శుద్ధి

దీని వరుస ఇప్పుడు బాగా స్థిరపడింది. అయస్కాంత క్షేత్రపు అసమానత వల్ల ఒక పక్క వెలుగు, ఇంకో పక్క చీకటి పడడాన్ని ఎన్‌4 అనే సాధనంతో సరిచేస్తారు, పుర్రెను తీసి మెదడును మాత్రమే మిగులుస్తారు, దాన్ని అందరికీ ఉమ్మడిగా వాడే మూసకు (టెంప్లేట్‌కు) అమరుస్తారు, పదార్థాలను విడదీస్తారు. ఆక్స్‌ఫర్డ్‌ నుంచి వచ్చిన ఎఫ్‌ఎస్‌ఎల్‌, లండన్‌ నుంచి వచ్చిన ఎస్‌పీఎం, బోస్టన్‌ నుంచి వచ్చిన ఫ్రీసర్ఫర్‌ అనే సాఫ్ట్‌వేర్‌లలో ఏదైనా ఒకటి ఎంచుకుని లోతుగా నేర్చుకోండి. ఎఫ్‌ఎమ్‌ఆర్‌ఐకి ఎఫ్‌ఎమ్‌ఆర్‌ఐప్రెప్‌ వాడితే ప్రతి మనిషికీ ఒక తనిఖీ నివేదిక వస్తుంది. ఆ నివేదికలన్నీ తెరిచి చూడండి.

మూస దగ్గర మాత్రం ఆగి ఆలోచించాలి. అందరూ వాడే ఎంఎన్‌ఐ152 మూస 152 మంది పాశ్చాత్యుల మెదళ్ల సగటు. హైదరాబాదు ట్రిపుల్‌ఐటీ పరిశోధకులు 2019లో వందమంది ఆరోగ్యవంతులైన భారతీయ యువతీయువకుల స్కాన్‌లతో ఒక భారతీయ మూసను తయారుచేసి, మన మెదళ్లు సగటున ఎత్తులోనూ వెడల్పులోనూ మొత్తం పరిమాణంలోనూ పాశ్చాత్యుల మెదళ్లకంటే చిన్నవని చూపించారు. పరిమాణానికీ తెలివికీ సంబంధం అంటగట్టే పని ఇక్కడ లేదు, విషయమంతా అమరిక గురించే. దూరపు మూసకు సాగదీసి అమర్చినప్పుడు తప్పు పెరుగుతుంది. అయితే ఆ మూస యువతరంది కాబట్టి డెబ్బై ఏళ్లవారికి అదే సరైనదని కూడా అనలేం. నేను రెండు మూసలతోనూ నడిపి, తేడా ఎంత వచ్చిందో అనుబంధంలో ఇచ్చాను. పరీక్షకులకు ఆ పేజీ మీద ఆసక్తి కలుగుతుందని నా ఆశ.

కంప్యూటర్‌ గురించి క్లుప్తంగా చెబుతాను. ఫ్రీసర్ఫర్‌ ఒక మెదడుకు ఏడు గంటలు తీసుకుంటుందనుకుంటే వంద మెదళ్లకు 700 గంటలు, అంటే దాదాపు నెల. నాలుగింటిని ఒకేసారి నడిపితే వారం చాలు. మే నెలలో గాలిదుమారం వచ్చి కరెంటు పోయే సాయంత్రాలు మనకు కొత్త కాదు. అందుకే పని ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే మొదలయ్యేలా ప్రతి మనిషికీ విడివిడిగా స్క్రిప్టు రాసి, ముగిసినవారి పేరు ఒక ఫైల్‌లో నమోదయ్యేలా చూసుకోండి.

ఏడో మెట్టు: కొలతలను న్యాయంగా పోల్చడం

పెద్ద తలలో పెద్ద హిప్పోకాంపస్‌ ఉంటుంది. అందుచేత పుర్రె లోపలి మొత్తం పరిమాణాన్ని లెక్కలోకి తీసుకోకుండా ఆడవారినీ మగవారినీ, పొట్టివారినీ పొడుగువారినీ పోల్చకూడదు. వయసును తప్పక చేర్చండి. చదువును ఎన్నేళ్లన్న లెక్కలోనే కాక, చదవడం రాయడం వచ్చా రాదా అని విడిగా కూడా రాసుకోండి. జ్ఞాపకశక్తి పరీక్షల్లో "ఒక వాక్యం రాయండి" వంటి అంశాలు ఉంటే అక్షరం రానివారు జబ్బు లేకుండానే మార్కులు కోల్పోతారు. పాశ్చాత్య పరీక్షను మాటకు మాట తెలుగు చేసి వాడవద్దు, తెలుగువారి మీద సరిచూసిన రూపాన్నే వాడండి.

యంత్రం తేడా ఇంకా మోసకారి. ఆరోగ్యవంతులంతా ఒక యంత్రంలో, రోగులంతా ఇంకో యంత్రంలో స్కాన్‌ అయితే ఆ డేటాను ఏ గణితమూ కాపాడలేదు. రెండు గుంపులూ రెండు యంత్రాల్లోనూ కొంతవరకు కలిసి ఉంటే, జన్యు పరిశోధన కోసం 2007లో పుట్టి తర్వాత మెదడు చిత్రాలకు వచ్చిన, యంత్రాల తేడాను సరిచేసే కాంబాట్‌ పద్ధతి ఉపయోగపడుతుంది. దాన్ని కూడా శిక్షణ డేటా మీదే నేర్పి, పరీక్ష డేటాకు వర్తింపజేయాలి.

ఎనిమిదో మెట్టు: శిక్షణనూ పరీక్షనూ మనిషివారీగా విడదీయడం

మొదటి ఏడాది చివర్లో నా నమూనా (కంప్యూటర్‌ మోడల్‌) అల్జీమర్స్‌ను వందకు తొంభై ఏడు సార్లు సరిగ్గా గుర్తించింది. ప్రయోగశాలలో అందరికీ మిఠాయి కూడా పంచాను. తప్పు ఎక్కడుందంటే, ఒక్కొక్కరి టీ1 స్కాన్‌ నుంచి పలు పొరలను విడి చిత్రాలుగా తీసి, ఆ చిత్రాలన్నిటినీ కలిపి, అందులోంచి యాదృచ్ఛికంగా అయిదో వంతు పరీక్షకు పక్కన పెట్టాను. దాంతో ఒకే మనిషి 80వ పొర శిక్షణలోనూ 81వ పొర పరీక్షలోనూ చేరాయి. ఆ రెండు పొరల మధ్య దూరం ఒక మిల్లీమీటరు. నమూనా జబ్బును గుర్తించడం లేదు, ఆ మనిషిని గుర్తుపడుతోంది. మనుషులను ముందే విడదీసి మళ్లీ నడిపితే ఫలితం డెబ్బైల్లోకి వచ్చింది. బాధ కలిగినా, అది నిజమైన సంఖ్య. ఈ తప్పు నా ఒక్కదానిదే కాదు. అల్జీమర్స్‌ వర్గీకరణకు నాడీజాలాలు వాడిన పరిశోధనలను 2020లో సమీక్షించిన ఒక బృందం, సగానికి పైగా పత్రాల్లో ఇలాంటి లీకేజీ (పరీక్ష సమాచారం శిక్షణలోకి జారడం) జరిగి ఉండవచ్చని తేల్చింది.

కాబట్టి ఏ పొరనూ ఏ ముక్కనూ తీయకముందు మనుషుల జాబితాను విడదీసి ఒక ఫైల్‌లో రాసి దాచండి. ఒకే మనిషి రెండేళ్ల తర్వాత మళ్లీ స్కాన్‌కు వస్తే ఆ రెండూ ఒకే వైపు ఉండాలి. లక్షణాల ఎంపిక, సగటు తీసివేయడం, ఖాళీలు పూరించడం అన్నీ శిక్షణ వైపు నేర్చుకున్నవే కావాలి. రోగులు పదిమంది, ఆరోగ్యవంతులు తొంభైమంది ఉన్న డేటాలో అందరినీ ఆరోగ్యవంతులని చెప్పే యంత్రానికి కూడా వందకు తొంభై వస్తాయి కాబట్టి, ఖచ్చితత్వం ఒక్కటే రాయకుండా రోగులను ఎందరిని పట్టుకుంది, ఆరోగ్యవంతులలో ఎందరిని ఆరోగ్యవంతులనే చెప్పింది అని విడివిడిగా రాయండి. చివరగా, వయసు, లింగం, పుర్రె పరిమాణం మాత్రమే ఇచ్చి ఒక సాదా నమూనాను నడపండి. మీ లోతైన నాడీజాలం దానికంటే ఎంత మెరుగైందన్నదే మీ అసలు ఫలితం.

తొమ్మిదో మెట్టు: గణాంకాలు

రెండు మిల్లీమీటర్ల ప్రమాణంలో మెదడులో 2 లక్షలకు పైగా వోక్సెల్‌లు ఉంటాయి. ఒక్కొక్క దానిలో వందకు అయిదు తప్పు అవకాశంతో పరీక్ష చేస్తే, మెదడులో ఏమీ జరగకపోయినా 10 వేల చోట్ల ఏదో జరిగినట్టు కనిపిస్తుంది. దీన్ని కళ్లకు కట్టడానికి 2009లో క్రెయిగ్‌ బెన్నెట్‌, ఆయన సహచరులు చనిపోయిన సాల్మన్‌ చేపను స్కానర్‌లో పెట్టి, దానికి మనుషుల ఫొటోలు చూపించి, సవరణ చేయని గణాంకాలతో ఆ చేప మెదడులో "చురుకుదనం" చూపించారు. 2016లో ఎక్లుండ్‌ బృందం, పక్కపక్కనే ఉన్న వోక్సెల్‌ల గుంపులను లెక్కించే, వాడుకలో ఉన్న కొన్ని పరీక్షల్లో తప్పుడు ఫలితాల రేటు అయిదు శాతం ఉండవలసిన చోట 70 శాతం దాకా పోగలదని చూపింది. అందువల్ల సవరణ పద్ధతిని, దాని హద్దును ముందే రాసుకోండి.

2020లో 70 బృందాలకు ఒకే ఎఫ్‌ఎమ్‌ఆర్‌ఐ డేటాను, అవే తొమ్మిది ప్రతిపాదనలను ఇస్తే, ఏ రెండు బృందాలూ ఒకే విధంగా విశ్లేషణ చేయలేదు, కొన్ని ప్రతిపాదనల మీద తీర్పులు కూడా గట్టిగా చీలిపోయాయి. దీనివల్ల నిరాశ పడనవసరం లేదు. విశ్లేషణ ప్రణాళికను తేదీతో సహా రాసి గైడ్‌ సంతకం తీసుకోవాలన్నదే ఇక్కడి పాఠం. తర్వాత మారిస్తే మారిస్తున్నామని, ఎందుకో కారణంతో సహా రాయాలి. పరిశోధన కమిటీ ముందు ఆ కాగితం మిమ్మల్ని కాపాడుతుంది.

పదో మెట్టు: రాయడం, తిరిగి ఇవ్వడం

రోజూ సాయంత్రం పావుగంట కేటాయించి ఆనాడు ఏ స్కాన్‌ను ఎందుకు తీసేశారో, ఏ సంఖ్యను ఎందుకు మార్చారో ఒక నోటు పుస్తకంలో రాయండి. కోడ్‌ను, దాని మార్పులన్నీ నమోదు చేసే గిట్‌లో పెట్టండి. పద్ధతుల అధ్యాయం మూడో ఏడాదిలో రాయవలసినది కాదు, ఆ నోటు పుస్తకంలోంచి దానంతట అదే తయారవుతుంది. భారతీయ విశ్వవిద్యాలయాల థీసిస్‌లు ఉండే శోధ్‌గంగ వెబ్‌సైట్‌లో మీ రంగంలోని థీసిస్‌లు పదింటిని తెరిచి, స్కాన్‌లు ఎందరివి తీసుకున్నారో, ఎందరివి తీసేశారో, కారణం చెప్పారో లేదో మాత్రమే చదవండి. మంచి థీసిస్‌ను గుర్తుపట్టడం అక్కడే అలవడుతుంది.

చివరి పని, స్కాన్‌ ఇచ్చినవారికి ఫలితం చెప్పడం. ఒకే పేజీలో, తెలుగులో, శాతాలు లేకుండా రాసి, చదవలేనివారికి ఇంటికి వెళ్లి చదివి వినిపించండి. నర్సంపేట తాతకు నేను తీసుకెళ్లిన కాగితంలో ఏడు వాక్యాలు ఉన్నాయి. మూడో వాక్యం, "మీ ఒక్కరి ఫొటో చూసి మీకు జబ్బు ఉందో లేదో మేము చెప్పలేము, అందరి ఫొటోలు కలిపి చూస్తేనే మాకు కొంత తెలుస్తుంది" అని. ఆయన దాన్ని రెండుసార్లు చదివించుకుని, కాగితం మడిచి కొడుకు చేతికిచ్చి రేషన్‌ కార్డు ఉన్న సంచిలో పెట్టమన్నారు.